పిచ్చి డాక్టరు కావలెను

తెలుగు నవలలో పిచ్చివాళ్లకి కొదవ లేదు. వాళ్లకి వైద్యం చేసే మనిషే కనబడడు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు చివరిదాకా ఒంటరిగానే నడిచాడు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య తన భయాలన్నీ తనలోనే నమిలి మింగుకున్నాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి స్వయానా డాక్టరు, అయినా తన మనసు సంగతి ఇంకో డాక్టరు దగ్గర విప్పుకోలేదు. అందులో రచయితల లోపమేమీ లేదు. ఆ రోజుల్లో అలాంటి డాక్టర్లు వెతికినా దొరికేవాళ్లు కాదు. తర్వాత డెబ్భై ఎనభై ఏళ్లు గడిచాయి. 'మనోవైజ్ఞానిక నవల' అని మనం ఒక అర కట్టుకున్నాం. దాని మీద పీహెచ్‌డీలు వచ్చాయి, సదస్సులు జరిగాయి. ఫ్రాయిడ్ పేరెత్తకుండా తెలుగు విమర్శకుడికి పూట గడవదు. అదే విమర్శకుడి చెల్లెలు ఎంబీబీఎస్ పూర్తిచేసి "సైకియాట్రీ తీసుకుంటాను" అంటే మాత్రం, ఇంట్లో అందరికన్నా ముందు మొహం మాడ్చుకునేది ఆయనే.

ఈ వ్యాసం ఆ విమర్శకుడి మీద. అంటే చాలావరకు మన మీద.

మాది నరసన్నపేట పక్క పల్లె. ఎవడైనా కాస్త తిక్కగా మాట్లాడితే మా వైపు "ఈణ్ణి చినవాల్తేరు అంపీయాల్రా" అంటారు. హైదరాబాదు వాళ్లకి ఎర్రగడ్డ ఎలాగో ఉత్తరాంధ్రకి చినవాల్తేరు అలాగ. విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది అక్కడే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి పిచ్చాసుపత్రికి వారసురాలు అది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనానికి కొన్ని తరాల పాటు మనసు వైద్యం అంటే ఆ ఒక్క గేటే. ఇచ్ఛాపురం నుంచి అక్కడికి 200 కిలోమీటర్లకు పైమాట. ఇంట్లో మనిషిని తాళ్లతో కట్టి, ఊళ్లో ఎవరూ లేవకముందే జీపెక్కించి తీసుకెళ్లిన కథలు మా తాతల తరం నుంచి వింటున్నాం. వైద్యం అంత దూరంలో ఉంటే అది వైద్యంలా కనబడదు, దేశబహిష్కారంలా కనబడుతుంది. "అంపీయాల్రా" అనే క్రియలోనే అదంతా ఉంది. జ్వరమొచ్చిన వాణ్ణి డాక్టరుకి 'చూపిస్తాం'. పిచ్చొచ్చిన వాణ్ణి 'పంపించేస్తాం'.

ఇప్పుడు దూరం తగ్గింది. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది (మేం ఇప్పటికీ రిమ్స్ అనే అంటాం). రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. ఈ రెండు పాత జిల్లాల గడ్డ మీద ఏటా కొన్ని వందలమంది పిల్లలు తెల్లకోటు వేసుకుంటున్నారు. వాళ్లలో ఎంతమంది సైకియాట్రీ వైపు పోతారు? పోయినవాళ్లలో ఎంతమంది పాలకొండలోనో బొబ్బిలిలోనో బోర్డు కడతారు?

చిన్న లెక్క వేద్దాం, లెక్కలు వేయడం నా పొట్టకూడు కాబట్టి. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా 27 లక్షలు, విజయనగరం 23 లక్షలు. వెరసి 50 లక్షలు. లక్షమందికి ముగ్గురు సైకియాట్రిస్టులైనా ఉండాలని నిపుణులు చెప్తారు. అంటే ఈ రెండు జిల్లాలకి 150 మంది. దేశం మొత్తం మీద సగటు లక్షకి 0.75 అనే లెక్క తరచూ వినబడుతుంది. అలా చూసినా 37, 38 మంది ఉండాలి. అందులోనూ సగటు అన్నది పెద్ద మాయగాడు. సైకియాట్రిస్టులు నగరాల్లో పోగుపడతారు, శ్రీకాకుళం లాంటి చోట్లు ఆ సగటుకి తమ వాటా లేకుండానే లెక్కలోకి ఎక్కుతాయి. ఇంకో సంగతి. నిమ్హాన్స్ వాళ్లు 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పన్నెండు రాష్ట్రాలు తిరిగారు. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేల్చారు. ఆ పన్నెండులో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన పిచ్చి ఎంతో మనకి లెక్క కూడా లేదన్నమాట.

మా పిన్ని కూతురు ఈమధ్యే పీజీ సీటు తెచ్చుకుంది. ర్యాంకు బాగానే వచ్చింది, పట్టుబడితే జనరల్ మెడిసినూ దొరికేదే. తను సైకియాట్రీ పెట్టింది. ఆ వారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపు చూస్తే ఎవరో పోయారనుకుంటారు, అంత నిశ్శబ్దం. తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. మా పెదనాన్న, "ఏటే గుంటా, ఇంత సదువూ సదివి ఎర్రోల్ల డాక్టరవుతావేటి?" అన్నాడు. మా అత్త, "సమ్మందాలు ఎలగొస్తాయే మరి?" అంది. మా పిన్ని అయితే తలుపేసి మరీ అడిగిందట: "నీకేటైనా బాగోలేదేటే? నాకు సెప్పు."

వీళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి తెలిసిన సైకియాట్రిస్టు ఎవరు? సినిమాలో కళ్లజోడు పెట్టుకుని, లోలకం ఊపి, చివరి రీలులో ఫ్లాష్‌బ్యాక్ బయటికి లాగేవాడు. 'చంద్రముఖి'లో ఫైట్లు కూడా చేస్తాడు. నా కోపం ఇంకో మనిషి మీద. కవి, మంచి కవి, నాకు స్నేహితుడు కూడా. విషయం చెప్తే నవ్వి, "దుఃఖాన్ని మాత్రల కింద మార్చే ఉద్యోగం" అన్నాడు. అంతటితో ఊరుకోక, "పిచ్చి లేనివాడు కవెలా అవుతాడు" అని ఓ మాట వదిలాడు. ఆయన ఫేస్‌బుక్ ప్రొఫైల్లో తన గురించి రాసుకున్న మొదటి విశేషణమే 'పిచ్చివాడు'. అలా రాసుకునే ధైర్యం ఆయనకి ఎక్కడిదో నాకు తెలుసు. ఆయనకి పిచ్చి లేదు. ఉన్నవాళ్లెవరూ ప్రొఫైల్లో రాసుకోరు. మాత్రల రేకు మీద పేరు చింపేసి పర్సులో పెట్టుకుంటారు.

మన భాషలో పిచ్చి అనే మాటకి బోలెడు ముద్దు ఉంది. పిచ్చితల్లి, పిచ్చిసన్నాసి, పుస్తకాల పిచ్చి, సినిమా పిచ్చి. సాహిత్యం ఆ ముద్దుని తీసుకుని జబ్బుని బయటే వదిలేసింది. స్కిజోఫ్రీనియా ఉన్న కుర్రాడు ఇరవై ఏళ్ల వయసులో కాలేజీ మానేసి, స్నానం మానేసి, గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. అందులో కవిత్వం ఏమీ ఉండదు. వాడి తల్లి మాత్రం ఉంటుంది. ఆ తల్లి ఎక్కడికెళ్లాలి?

చెల్లితో నేను చాలాసేపు వాదించాను, నిజంగా తెలుసుకుందామనే. "మిగతా బ్రాంచీల్లో పేషెంటు మాట్లాడేది టెస్టు రిపోర్టొచ్చేదాకానే అన్నయ్యా. మా దాన్లో రిపోర్టు ఉండదు. వాళ్లు చెప్పేదే రిపోర్టు" అంది. ఆ మాట నాకు కాలేజీలో విన్న ఏ సాహిత్య ప్రసంగం కన్నా బాగా పట్టుకుంది. గుండె డాక్టరుకి ఈసీజీ ఉంది, ఎముకల డాక్టరుకి ఎక్స్‌రే ఉంది. స్కిజోఫ్రీనియాని గానీ డిప్రెషన్‌ని గానీ ఇదీ అని తేల్చే రక్తపరీక్ష ఏదీ ఇంతవరకు లేదు. రోగి ఏమన్నాడు, ఎలా అన్నాడు, ఏది అనబోయి ఆపేశాడు, ఇంట్లోవాళ్లు ఏమన్నారు. ఇవే సాక్ష్యం. మొత్తం వైద్యశాస్త్రంలో రోగి సొంత భాషలో తప్ప చేయలేని విద్య ఏదన్నా ఉంటే అది ఇదే. మరి ఈ విద్యని మన పిల్లలకి ఎలా నేర్పుతున్నాం? ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్‌లో కొన్ని వారాల పోస్టింగు. పరీక్షలో దానికి ప్రత్యేకంగా ఓ సబ్జెక్టు హోదా లేదు, జనరల్ మెడిసిన్‌లో కలిసి వచ్చే ప్రశ్న. అదంతా ఇంగ్లీషులో. తెలుగులో దుఃఖం ఎలా మాట్లాడుతుందో చెప్పే పాఠం ఒక్కటీ లేదు.

ఎలా మాట్లాడుతుందో చూడండి. మా వైపు ఓ ముసలమ్మ ఆసుపత్రికొచ్చి, "గుండెల్లో గాబరాగున్నాది బాబూ, నిద్దరట్టదు, కాల్లు పీకుతన్నాయి" అంటుంది. ఈసీజీ తీస్తారు. బాగానే ఉంటుంది. బలానికి ఓ సెలైన్ ఎక్కిస్తారు. పక్కనున్న కోడలు అంటుంది: "కొడుకు సెన్నై ఎల్లిపోయిన కాడ్నుంచి బెంగెట్టుకున్నాది." జబ్బు పేరు కోడలు చెప్పేసింది. రాసుకునే కాగితంలో మాత్రం బెంగకి గడి లేదు.

బెంగ అంటే డిప్రెషన్ కాదు. యాంగ్జైటీ కాదు, దిగులూ కాదు. దిగులు ఊరికే ఉండొచ్చు, బెంగకి మాత్రం ఒక మనిషి కావాలి. అత్తారింటికెళ్లిన కూతురు, హాస్టల్లో వేసిన పిల్లాడు, పక్క రాష్ట్రంలో బిల్డింగ్ పనికెళ్లిన మొగుడు, గుజరాత్ వెరావల్‌లో పడవెక్కిన కొడుకు. బెంగతో జొరం వస్తుందని మా మామ్మ నమ్మేది. మా జిల్లాల సగం చరిత్ర ఈ మాటలో దాగి ఉంది. వలసపోయే ఊళ్లకే ఇంత సూటిగా తెలిసే మాట ఇది. 2018లో మా తీరం జాలర్లు సముద్రంలో పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. దాని మీద సినిమా కూడా తీశారు. ఆ ఏడాది పైచిలుకు కాలం ఒడ్డున ఉన్న ఆడవాళ్లకి ఏమైందో చెప్పడానికి బెంగ తప్ప నాకు ఇంకో మాట తోచదు. అది విన్న డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్న "ఎవరి మీద?" ఈ ప్రశ్న ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు, ఆ ఊళ్లో పెరిగినవాళ్లకి నోటి చివరే ఉంటుంది.

ఇందులో ప్రాణం మీదికొచ్చే సంగతి కూడా ఉంది. "నానుండి ఏటి నాబం" అనే మాట మా ఊళ్లలో రోజూ వినబడుతుంది. కూర మాడినా అంటారు, కోడలు ఎదురు చెప్పినా అంటారు. నూటికి తొంభైసార్లు అది విసుగు. మిగతా పదిసార్లు ఆ మనిషి నిజంగానే అంటోంది, ఆ రాత్రి ఆమెని ఒంటరిగా వదలకూడదు. ఏది ఏదో గొంతుని బట్టి తెలియాలి. చివరి అక్షరం సాగిందా తెగిందా, కళ్లు ఎటు చూశాయి, అన్నాక ముక్కు చీదిందా ఊరుకుందా. బెంగళూరులో పుట్టి పెరిగి, పోస్టింగు మీద వచ్చిన డాక్టరు ఎంత తెలివైనవాడైనా, ఎంత మంచివాడైనా, ఈ తేడా పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. మా చెల్లికి పుట్టుకతో వచ్చింది. దాన్ని ఎర్రోళ్ల డాక్టరు అవుతావా అని మేం వెక్కిరిస్తున్నాం.

సాహిత్యం వాళ్లకి ఇది కొత్త విషయమా? రావిశాస్త్రి, కారా మాస్టారు, అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు, వీళ్లంతా జీవితమంతా చేసింది ఈ యాసని చెవి ఒగ్గి వినడమే కదా. వీళ్లని చదివి పెరిగిన పిల్లకి సైకియాట్రీ క్లినిక్కులో కూర్చోవడానికి సగం శిక్షణ అయిపోయినట్టే. 'ఆరు సారా కథలు' చదివిన డాక్టరు, ఎదుటివాడు తాగుడు గురించి చెప్పే అబద్ధాల వెనక పోలీసులూ కోర్టులూ బాకీలూ ఎలా నిలబడి ఉంటాయో తొందరగా గ్రహిస్తుంది. కథలు చదివే పిల్లలకి మనం జర్నలిజం చేయమంటాం, సినిమాకి రాయమంటాం, ప్రొఫెసరవమంటాం, ఏదీ కాకపోతే నాలాగా సాఫ్ట్‌వేర్ చేసుకుంటూ రాత్రుళ్లు సమీక్షలు రాసుకోమంటాం. ఈ దారి కూడా ఉందని ఎవరమూ చెప్పలేదు.

ఇక్కడ నా వామపక్ష మిత్రులు లేస్తారని తెలుసు. లేవాలి కూడా. "సీతారాముడికి సైకియాట్రిస్టు కావాలా? అప్పు మాఫీ కావాలా?" అంటారు. 'యజ్ఞం'లో సీతారాముడు కొడుకుని ఎందుకు నరికాడో మాత్రలతో వివరించబోయేవాడు మూర్ఖుడే, ఆ కథని నా వాదానికి వాడుకునే ఉద్దేశం నాకు లేదు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో ఉద్దానం కొబ్బరి చెట్లని పడగొట్టింది. మళ్లీ కాపు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ రైతుకి కావలసింది పరిహారం. ఒప్పుకుంటాను. కానీ అదే రైతు పరిహారం వచ్చాక కూడా తెల్లవారుజామున మూడింటికి లేచి, పడిపోయిన తోటలో ఒక్కడే తిరుగుతూ, అన్నం సయించక, ఆరు నెలల్లో సగం మనిషి అయితే? "వర్గ పోరాటం పదునెక్కేదాకా ఆగు" అందామా?

ఫూకోని చదివినవాళ్ల అభ్యంతరం ఇంకొంచెం నాజూకుగా ఉంటుంది. సైకియాట్రీ అంటే అధికారం, పిచ్చి అనేది సమాజం అతికించిన పేరు, వగైరా. అందులో నిజం లేకపోలేదు. పిచ్చాసుపత్రుల చరిత్ర చీకటిదే. కానీ ఆ చీకట్లో దీపం పట్టుకుని నడిచినవాళ్లెవరు? ఇటలీలో పిచ్చాసుపత్రులు మూయించే 1978 చట్టం వెనక ఉన్న ఫ్రాంకో బసాలియా సైకియాట్రిస్టు. ఆర్.డి. లైంగ్ సైకియాట్రిస్టు. 'మానసిక జబ్బు ఓ కట్టుకథ' అని పుస్తకం రాసిన థామస్ సాజ్ కూడా సైకియాట్రిస్టే. తిట్టడానికైనా ముందు ఆ చదువు చదివారు.

మనవాళ్లు మాటకి ముందు ఒకసారి, వెనక ఒకసారి తలుచుకునే ఫ్రాంజ్ ఫానన్ సంగతి చూడండి. ఆయన రోజువారీ ఉద్యోగం ఏమిటో మనకి గుర్తుండదు. 1953లో అల్జీరియాలో బ్లిదా ఆసుపత్రిలో సైకియాట్రిస్టుగా చేరాడు. రోగులతో సమావేశాలు, వేడుకలు, పత్రిక నడపడం లాంటి ఫ్రెంచి పద్ధతులు తెచ్చాడు. యూరోపియన్ ఆడవాళ్ల వార్డులో అవి బాగానే నడిచాయి. ముస్లిం మగవాళ్ల వార్డులో ఏమీ కదల్లేదు. వాళ్ల భాష ఆయనకి రాదు, మధ్యలో దుబాసీ. అప్పుడు ఆయన తన పద్ధతినే అనుమానించాడు. వాళ్ల తరహా కాఫీ దుకాణం పెట్టించాడు, వాళ్ల పండుగలు జరిపించాడు, కథలు చెప్పే మనిషిని రప్పించాడు. అప్పుడు వార్డు మాట్లాడటం మొదలుపెట్టింది. 1956లో రాజీనామా చేసి విమోచన పోరాటంలోకి వెళ్లాడు, అది మనకి బాగా తెలిసిన భాగం. తెలియని భాగంలో ఆయన చేసింది మా చెల్లి నెల్లిమర్ల లాంటి చోట రేపు చేయగల పనే. పైగా దానికి దుబాసీ అక్కర్లేదు.

సైకియాట్రిస్టు పెత్తనం అంటే భయపడేవాళ్లకి సైకియాట్రిస్టు లేని చోటు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది అగ్నిప్రమాదంలో చనిపోయారు. దర్గా మీద నమ్మకంతో ఇంట్లోవాళ్లు తెచ్చి వదిలిన మనుషులు వాళ్లు. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. మనిషిని గొలుసులతో కట్టడం 95వ సెక్షన్ కింద నిషిద్ధం. మత్తు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ ఇవ్వడం కూడా అదే సెక్షన్ కింద నిషిద్ధం, మన సినిమా దర్శకులు గమనించాలి. చట్టం బాగుంది. దాన్ని పాలకొండలోనో కవిటిలోనో అమలుచేసే మనుషులే కావాలి.

స్థానికంగా ఉండే డాక్టరు విలువ ఏమిటో ఉద్దానం ఇంకో రకంగా చెప్తుంది. కిడ్నీ జబ్బు అక్కడ ఊళ్లని ఎలా తినేస్తోందో అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు. ఇప్పుడు అదే ఉద్దానంలో బైపోలార్ జబ్బున్న ఓ పాతికేళ్ల అమ్మాయిని ఊహించండి. పుస్తకం చెప్పే మొదటి మందుల్లో లిథియం ఒకటి. 1949 నుంచి వాడుకలో ఉంది, చవక, ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. అయితే అది ఒంట్లోంచి బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే, ఏళ్ల తరబడి వాడితే కిడ్నీల మీద ఓ కన్నేసి ఉంచాలి. ఉద్దానంలో ఆ కాగితం రాసే చెయ్యి రెండుసార్లు ఆగాలి. మీదే ఊరు, మీ ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతోందా, ఏ బావి నీళ్లు తాగుతారు అని అడగాలి. విశాఖలో పావుగంటకో పేషెంటుని చూసే డాక్టరు అడ్రసు గడిలో 'కంచిలి' అని చూసి ఆగుతాడా? ఆగొచ్చు. సోంపేట అమ్మాయి డాక్టరైతే మాత్రం తప్పకుండా ఆగుతుంది.

తాగుడు సంగతి ఇంతకన్నా మామూలుది. ఏళ్లుగా రోజూ తాగే మనిషి మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తాడు. రెండో మూడో రోజుకి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గోడ మీద పురుగులు కనబడతాయి, ఎవరో పిలుస్తున్నారంటాడు. ఇంట్లోవాళ్లు మాల నియమం ఏదో తప్పిందనుకుంటారు, లేదా చిల్లంగి అనుకుంటారు. అది మందు మానేసినప్పుడు మెదడు చేసే తిరుగుబాటు. వదిలేస్తే ప్రాణం పోవచ్చు, వేళకి మందులూ విటమిన్ ఇంజక్షన్లూ పడితే కొద్దిరోజుల్లో తేరుకుంటాడు. ఇంత పెద్ద తేడా ఇంత తక్కువ ఖర్చుతో వచ్చే వైద్యం ఎన్నిచోట్ల ఉంది? ఇంకా చిన్న విషయం, అంటే మనకి చిన్నది. మానసిక వైకల్యం ఉన్న మనిషికి పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్టు కావాలి. దాని మీద సైకియాట్రిస్టు సంతకం కావాలి. ఆయన క్యాంపుకి రాని నెల ఆ ఇంట్లో పింఛనూ ఒక నెల వెనక్కి పోతుంది. సైకియాట్రీ అంటే అధికారం అన్న మిత్రుడికి ఆ వరసలో ఓ పూట నిలబడమని నా మనవి.

మా ఇండస్ట్రీ వాళ్లని వదిలేస్తే అన్యాయం. మనసుకి యాప్ ఉంది కదా, చాట్‌బాట్ ఉంది కదా, ఇంకా డాక్టర్లెందుకు అనే జాతి మాది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ 14416కి తెలుగులో కూడా ఫోన్ చేయొచ్చు. అది మంచిపనే, నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ అవతల మాట్లాడేది మనిషి కాబట్టి మంచిపని. యాప్‌ల మీద నా నమ్మకం ఒకరోజు ఆఫీసులో సన్నగిల్లింది. ఓ తెలుగు స్పీచ్ మోడల్‌కి పరీక్షగా మా అమ్మ గొంతు వినిపించాను. "నాకేటో గుబులుగున్నాది" అంది అమ్మ. తెర మీద "నాకేదో గుర్తున్నది" అని వచ్చింది. టీమంతా నవ్వారు, ఆ మోడల్‌కి మార్కులు బాగానే వచ్చాయి, టికెట్ మూసేశాం. శిక్షణకి వాడిన డేటాలో మా జిల్లాలు లేవు. సర్వేలో లేనట్టే.

డబ్బు గురించి కూడా చెప్పాలి, తొందరగా చెప్పేస్తాను. రేడియాలజీ అంత రాదు. కోతలుండవు, స్కానులుండవు, మొదటిసారి వచ్చిన పేషెంటుకి ముప్పావుగంట ఇవ్వాలి. దానికి తగ్గ ఫీజు అడిగితే, "మాట్లాడినందుకు డబ్బులేటి?" అంటారు. అయినా పస్తులున్న సైకియాట్రిస్టుని నేను చూడలేదు. ఎనభై లక్షల కట్నం లెక్కలు వేసే బంధువులకి ఇది చాలకపోవచ్చు. వాళ్ల కోసం ఈ వ్యాసం రాయలేదు.

ఇంతసేపూ తెలుగు గురించే మాట్లాడాను. అది కూడా సగం కథే. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే తల్లి బెంగ గురించి ఏం చెప్తుందో మా చెల్లికీ తెలియదు. దానికీ దుబాసీయే గతి, ఫానన్‌కి లాగే. మా జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర నేర్చుకోవాలని కూర్చున్నాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆ పని డాక్టర్లలో ఎవరో ఒకరు మళ్లీ చేయాలి. లేదా సవర ఇంట్లోంచే డాక్టరు రావాలి. ఇవాళ సీతంపేట వైపు ఏదో ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదువుతున్న పిల్లని తీసుకోండి. ఇంటర్ రెండేళ్లు, నీట్ మొదటిసారే కొట్టిందనుకుంటే ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర, ఎండీ మూడు. ఎక్కడా ఆగకపోతే పదకొండేళ్లకి ఆమె మొదటి పేషెంటుని సవరలో పలకరిస్తుంది. ఆ పదకొండేళ్లలో ఎన్నిసార్లు, ఎవరెవరు, "నీకేటైనా బాగోలేదేటే" అని ఆమెని అడుగుతారో లెక్కపెట్టడం నాకు చేతకాదు.